ఎడమ మణికట్టు

మా కాలేజీలో పిల్లలు నన్ను కప్పల మేడమ్ అంటారు. నందిగామలో ఇరవై రెండేళ్ళుగా జువాలజీ చెబుతున్నాను. ఏదో ఒక బ్యాచ్ పెట్టిన పేరు, తరవాతివాళ్ళు ఆస్తిలాగా అందుకున్నారు. నిజానికి కప్పల కంటే చేపల కోసం నేను నీళ్ళలో గడిపిన కాలమే ఎక్కువ. సెలవురోజున, నీరు తేరిన కాలంలో, ఏ పొలం బావిలోనో, జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి తీసి వదిలేసిన ఏ క్వారీ గుంటలోనో దిగి, నీళ్ళ అడుగున బతికేవాటికి ఫొటోలు తీస్తాను. సముద్రాలూ పగడాలూ నాకు తెలియవు. మావి జెల్లలు, పీతలు, తాబేళ్ళు, నీరుకట్టె పాములు. ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం.

ఈత నాకు రెడ్డిగూడెం పక్కన మా నాన్నగారి మామిడితోట బావిలో వచ్చింది. నడుముకి ఎండు సొరకాయ కట్టి నీళ్ళలోకి తోశారు. వారం తరవాత నాకు చెప్పకుండా సొరకాయ విప్పేశారు. విప్పారని తెలిసేదాకా బాగానే ఈదాను, తెలిశాక మునిగాను.

మునగడానికి నాకు సిలిండర్లు అవీ లేవు. మొహానికి అద్దం, కాళ్ళకి రెక్కలు, నడుముకి సీసం గుళ్ళ పట్టీ, ఆ పైన నా ఊపిరి ఎంతసేపు ఆగితే అంతసేపు. కుడిచేతిలో నీళ్ళు చొరబడని పెట్టెలో కెమెరా. ఎడమ మణికట్టుకి నైలాన్ తాడు. దాని రెండో కొస గట్టు మీద మావారి చేతిలో ఉంటుంది. ఆయనకి నందిగామలో పురుగుమందుల కొట్టు ఉంది. చంపేవి ఆయన అమ్ముతారు, బతికున్నవాటికి నేను ఫొటోలు తీస్తాను, సంసారం అలా సాగుతోంది. నేను మునగగానే ఆయన నెమ్మదిగా ఇరవై దాకా లెక్కపెట్టి తాడు ఒక్కసారి లాగుతారు, ఉన్నావా అని. నేను తిరిగి ఒక్కసారి లాగుతాను, ఉన్నానని. జవాబు రాకపోతే పైకి లాగెయ్యాలి. పెళ్ళయిన కొత్తలో మాట్లాడుకున్న మాటలన్నిటికంటే ఈ తాడు మీద మాట్లాడుకున్నవే నమ్మకమైనవని మావారు అంటుంటారు. కొట్లో బేరం లేనప్పుడు ఇలాంటివి తోస్తాయి ఆయనకి.

నాకు జబ్బు చేసింది పోయినేడాది వానాకాలం చివర్లో. జ్వరంగా మొదలైంది. పరీక్షలు దగ్గర పడ్డాయని రెండు మాత్రలు మింగి కాలేజీకి తిరిగాను. నాలుగో రోజుకి మెట్లు ఎక్కలేకపోయాను. ఇక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి, నన్ను కూర్చోమని కూడా అనకుండా విజయవాడ పంపించారు. నిమోనియా రెండు ఊపిరితిత్తులకీ పాకింది. ఐసీయూలో తొమ్మిది రోజులు ఉన్నానని మావారు చెబితే తెలిసింది. నాకు గుర్తున్నదల్లా నీళ్ళ అడుగున ఉన్నాననుకోవడం, పైన గుండ్రటి వెలుతురు, దాని అంచు నుంచి తలలు వంగి చూడటం. ఊపిరి అయిపోతోందని తాడు కోసం ఎడంచెయ్యి తడుముకుంటే అక్కడ సూది తగిలేది.

పదో రోజున ఆక్సిజన్ వార్డుకి మార్చారు. కిటికీ పక్క మంచం నాది. నా ఎడమవైపు మంచంలో చందర్లపాడు అవతల నుంచి వచ్చిన ఆవిడ, నాకంటే నాలుగేళ్ళు చిన్నది, పత్తీ మిరపా వేసుకునే ఇల్లు. బయటివాళ్ళని లోపలికి రానిచ్చేవారు కాదు. సాయంత్రం ఐదింటికి గాజు తలుపు అవతల మా ఇద్దరి భర్తలూ ఒకే బెంచీ మీద కూర్చుని చేతులు ఊపేవాళ్ళు. మా మొహాల మీద మాస్కులు. ఒక్క మాట ఆడాలన్నా మాస్కు ఎత్తాలి, ఎత్తితే నర్సు అరిచేది. అయినా ఆడవాళ్ళం, ఊరుకుంటామా.

"నిద్రంటే భయమేస్తందక్కా," అంది ఆవిడ మొదటిరోజే. "నిద్దట్లో ఊపిరి తీసుకోటం మర్చిపోతానేమోనని."

"అట్లా మర్చిపోరమ్మా. అది దానంతటది జరిగేపని. పిల్లలకి నేను పాఠం చెప్తా."

"మీ పాఠం నా ఊపిరితిత్తులు విన్లేదుగా అక్కా."

నాకు నవ్వొచ్చి దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక నా తాడు సంగతి చెప్పాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని వింది. మర్నాడు కాలు లాగుతోందని నర్సుకి అబద్ధం చెప్పి బ్యాండేజీ గుడ్డ చుట్ట ఒకటి సంపాదించింది. ఒక కొస ఆవిడ కుడిచేతికి, రెండో కొస నా ఎడంచేతికి. మధ్యలో గుడ్డ దుప్పట్ల కింద నుంచి పోయేది. ఆవిడ లాగేది, నేను తిరిగి లాగేదాన్ని. ఉన్నావా, ఉన్నాను. నర్సు చూసి, ఈ వయసులో ఇదేం ఆటమ్మా అని నవ్వి వదిలేసింది. ఆ సాయంత్రం ఆవిడ నిద్రపోయింది, వార్డుకి వచ్చాక మొదటిసారి.

ఆ బావి సంగతి చెప్పిందీ ఆవిడే. "మా పొలం బావిలో కొరమేను ఉందక్కా. వానలు పడ్డాక ఎర్రటి పిల్లల్ని మూకగా ఏసుకుని తిరుగుద్ది. పైనించి చూట్టమే గాని కిందనించి ఎట్టుంటదో నాకు తెలీదు. మీరు లేచాక వచ్చి ఫోటో తియ్యండి, చూస్తా." నేను మాట ఇచ్చాను.

ఐదు రోజులు ఆ గుడ్డ మా మధ్య ఉంది. మొదట పదినిమిషాలకోసారి లాగేది. తరవాత ఐదు నిమిషాలకి. ఐదో రోజు మధ్యాహ్నానికి ఎంతసేపటికోసారో చెప్పలేను, నా చెయ్యి ఆగకుండా కదులుతూనే ఉంది. అప్పటికి రెండు రోజులుగా నాకు కంటిమీద కునుకు లేదు. నా కోపం సంగతి నాకు తెలుసు. నిద్ర చాలనప్పుడు వస్తుంది, వచ్చాక ఎదుట ఉన్నది ఎవరో చూడదు. అన్నం తిన్నాక, మాట అనే ఓపిక కూడా లేక, నా చేతి ముడి విప్పేసి కొస మంచం కమ్మీ మీద వదిలేశాను. అప్పుడే ఇంకో చిన్న సంగతి జరిగింది, అది చెప్పాల్సిన చోట చెబుతాను. కిటికీ వైపు తిరిగి పడుకున్నాను. హాయిగా నిద్ర పట్టింది.

లేచేసరికి నాలుగు దాటింది. పక్క మంచం మీద దుప్పటి మార్చి ఉంది. ఆయా తుడుస్తూ చెప్పింది, నిద్రలోనే పోయిందమ్మా, మూడింటప్పుడు, మీరు మంచి నిద్రలో ఉన్నారని తెర లాగామని.

పోయేముందు ఆవిడ లాగిందో లేదో నాకు తెలియదు. లాగితే అవతల ఎవరూ లేరు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, మావారికి కూడా. మింగలేక కక్కలేక ఇంటికి తెచ్చుకున్నాను.

డిశ్చార్జి అయిన నెలకి మొదలైంది. వంటింట్లో తాళింపు వేస్తుంటే ఎడమ మణికట్టు మీద ఒక్క లాగు. తిరిగి చూస్తే ఏమీ లేదు. నరాల బలహీనత అనుకున్నాను. కాలేజీలో బోర్డు మీద బొమ్మ గీస్తుంటే ఇంకోటి. గట్టిగా కాదు. ఒక్కసారి లాగి ఊరుకునేది, జవాబు కోసం ఆగినట్టు. ఆ ఆగడమే నాకు భయం. పిల్లల ముందు ఎడంచెయ్యి చీరకుచ్చిళ్ళలో దాచుకుని పాఠం చెప్పిన రోజులున్నాయి. దెయ్యాలు లేవని చెప్పే సబ్జెక్టు నాది. లేవనే ఇప్పటికీ అంటాను. కానీ చేతిని ఎవరు లాగుతున్నారంటే నా దగ్గర సమాధానం లేదు.

ఎడమ ఊపిరితిత్తి అడుగుభాగం గట్టిపడి అలాగే ఉండిపోయిందని డాక్టరు అన్నారు. ఈదండి గానీ ఊపిరి బిగబట్టే పంతాలు వద్దన్నారు. ఇరవై లెక్క వరకు ఫరవాలేదా అంటే, గట్టు మీద మనిషి ఉంటే సరే అన్నారు. ఆరునెలలు ఇంట్లోనే బక్కెట్లో మొహం ముంచి సాధన చేశాను. మావారు బాత్‌రూమ్ తలుపు బయట నిలబడి లెక్కపెట్టేవారు.

ఎండాకాలం మొదట్లో జగ్గయ్యపేట క్వారీ గుంటలో దిగాం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున రాతిమెట్టు మీద తాబేలు ఒకటి మెడ చాచి నన్నే చూస్తోంది. కెమెరా ఎత్తాను. ఎడమచేతి మీద లాగు. తిరిగి లాగాను. వెంటనే ఇంకోటి. అంత తొందరగా ఎప్పుడూ లాగరే, పైన ఏదో జరిగిందని గబగబా వచ్చేశాను.

"అప్పుడే ఎందుకు లాగారండీ?" అన్నాను, ఆయాసపడుతూ.

"నేనెక్కడ లాగా? ఇంకా తొమ్మిదిలోనే ఉన్నా. నువ్వే రెండుసార్లు లాగావు."

మళ్ళీ దిగాను. మళ్ళీ అంతే. మూడోసారి ఆయన తాడు మోకాలి మీద వదులుగా పెట్టుకుని రెండు చేతులూ పైకెత్తి చూపించారు. నేను ఆయన మీద అరిచాను. తప్పు ఆయనది కాదని తెలిసే అరిచాను. భయపడటం కంటే కోప్పడటం నాకు అలవాటు. ఆయన తాడు చుట్టి బండిలో పెట్టారు.

తరవాత ఒకసారి వేదాద్రి దగ్గర కృష్ణలో ప్రయత్నించాం. అక్కడ మరీ అన్యాయం. ఏరు తాడుని లాగుతూనే ఉంటుంది, ఏ లాగు ఎవరిదో తెలియదు. మోకాలి లోతు నుంచే వెనక్కి వచ్చేశాను. ఇక ఇంతేనేమో, నీళ్ళు నాకు లేవేమో అని ఆ రోజు బండి వెనక కూర్చుని ఏడ్చాను. మావారికి వినపడకూడదని పమిట నోట్లో కుక్కుకున్నాను.

శ్రావణంలో చందర్లపాడు వెళ్దామని నేనే అన్నాను. ఆవిడ భర్త నంబరు మావారి దగ్గర ఉంది. ఇచ్చిన మాట ప్రకారం ఫొటో తీసి వస్తానని చెప్పాను. నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను. ఆ మనిషి మొహం చూడకుండా మాత్రం ఇక ఏ నీళ్ళలోనూ నేను నిలవలేనని లోపల తెలుసు.

పత్తిచేల మధ్య మట్టిదారి చివర బావి. మూడు వైపులా రాళ్ళు కూలి ఒకవైపే మెట్లు మిగిలాయి. రెండు వారాలుగా వాన లేక నీరు బాగా తేరింది. ఆవిడ భర్త మోటారు కొట్టం దగ్గర మా కోసం నిలబడి ఉన్నారు. యాభై దాటిన మనిషి, మాట పొదుపు. "చెప్పిందండి తలుపవతలనించి, చేపలాగా చెయ్యి ఊపి, మిమ్మల్ని చూపించి. అప్పుడర్థం కాలా," అన్నారు.

నేను మెట్టు మీద కూర్చుని రెక్కలు తొడుక్కుంటుంటే మావారు నా మణికట్టుకి తాడు ముడి వేస్తూ, లాగే పద్ధతి ఆయనకి వివరించారు. ఆయన వినడం లేదు. నా చేతినే చూస్తున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"మేడంగారూ, ఒకటడుగుతా. ఆస్పత్రిలో మా ఇంటిదాన్ని మంచానికి కట్టేశారా?"

"ఏంటండీ?"

"మనిషిని ఇచ్చినప్పుడు చూశా. కుడిచేతికి గుడ్డ చుట్టుంది. ఆయాసానికి తాళలేక మాస్కు పీకేసుకునేవాళ్ళని కట్టేస్తారంట గదా. మా బావమరిది చెప్పాడు." ఆయన బావిలోకి చూస్తూ మాట్లాడారు. "ఊపిరాడక కొట్టుకుంటంటే చేతులు కదలకుండా కట్టేశారని, ఏడాదినించి అదే కనపడతా ఉందండి. అన్నం ముందు కూసున్నా అదే."

మావారు నా వైపు చూశారు. ఆయనకి ఆ గుడ్డ సంగతి తెలియదు.

"నాకు తెలీదండి. నేనప్పుడు నిద్రపోతున్నా," అన్నాను.

అది అబద్ధం కాదు. అబద్ధం కాని మాట వెతుక్కుని దాని వెనక నక్కాను. పిల్లల పేపర్లలో ఇలాంటి జవాబు కనపడితే సున్నా వేస్తాను. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు, ఆ సామెత పుట్టించినవాడు కూడా ఏదో దాచుకునే ఉంటాడు. ఊపిరి పీల్చుకుని నీళ్ళలోకి జారాను.

రెండు నిలువుల లోతున పచ్చటి చీకటి. కొరమేను మోటారు పైపు పక్కనే ఉంది, నా ముంజేయి కంటే పొడుగు. దాని పైన ఎర్రటి పిల్లలు, వందలు, ఒక మూకగా పైకి లేచి గాలి మింగి మళ్ళీ కిందికి దిగుతున్నాయి. అవీ గాలి మింగాల్సిందే, మొప్పలొక్కటే చాలవు. అవి లేచినప్పుడల్లా పెద్దది కూడా లేస్తోంది. ఆ కాపలా తల్లిదో తండ్రిదో పైకి చూసి నేను కూడా చెప్పలేను. కిందనుంచి చూస్తే, పిల్లల మూక వెలుతురుకి అడ్డం వచ్చి ఎర్రగా కదులుతోంది. ఆవిడ చూడాలనుకున్నది ఇదే. నాలుగు ఫొటోలు తీశాను.

ఎడమ చేతి మీద లాగు వచ్చింది. మావారిదో కాదో తెలియలేదు. తిరిగి లాగాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ లాగాను. ఈసారి పైకి పరుగెత్తలేదు. తల ఎత్తి చూశాను. గుండ్రటి వెలుతురు, అంచున వంగి చూస్తున్న రెండు తలలు. ఐసీయూలో చూసినట్టే. ఒకటి మావారిది. రెండోది నీళ్ళలోకి కాక, ఏడాదిగా కట్టేసిన చేతుల్నే చూస్తోంది. నేను పోగొట్టుకునేది నీళ్ళు, ఆయన పోగొట్టుకుంటున్నది తినే ముద్ద. నాకు తెలిసిన మాట ఒక్కటి చాలు, ఆయనకి ఆ దృశ్యం పోతుంది. ఆ మాట చెబితే గుడ్డ విప్పిందెవరో కూడా చెప్పాలి. ఇంకా ఊపిరి ఉంది. అయినా పైకి వచ్చేశాను.

మెట్టు పట్టుకుని, అద్దం తీయకుండానే మొదలుపెట్టాను. "మిమ్మల్ని మోసం చేశానండి. ఎవరూ కట్టెయ్యలేదు. ఆ గుడ్డ మేమిద్దరం కట్టుకున్నది." తాడు చూపించి అంతా చెప్పాను, నిద్రంటే ఆవిడ భయం, లాగడం, తిరిగి లాగడం. ఆయన మెట్టు మీద కూలబడి విన్నారు.

"మరి ఆ రోజు?"

"ఆ రోజు మధ్యాహ్నం నా చేతి ముడి విప్పేశా."

"ఎందుకండి?"

"విసుగొచ్చింది. నిద్రపోవాలనిపించింది. ఇంకేం లేదండి."

మావారు తాడు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆయన వైపు చూసే ధైర్యం లేకపోయింది.

"అది చూసిందా, మీరు విప్పటం?" అన్నారు ఆ మనిషి.

ఆ రోజు నుంచి నేను తప్పించుకు తిరుగుతున్న ప్రశ్న అదే. "చూసిందండి," అన్నాను. "కొస వదిలేసి అటు తిరగబోతుంటే కళ్ళు తెరుచుకుని నన్నే చూస్తోంది. ఆ కొసని నెమ్మదిగా తన దగ్గరికి లాక్కుని, కుడిచేతికి తనే చుట్టుకుంది. అది చూసి కూడా నేను అటు తిరిగి పడుకున్నా."

ఏడుపు వచ్చింది నాకు. ఆయనకి రాలేదు. చాలాసేపు తన కుడి అరచేతినే చూసుకున్నారు. వేళ్ళు ఒకసారి మూశారు, తెరిచారు.

"తనే చుట్టుకుందా."

"తనే అండి. ఎడంచేత్తో."

"అయితే చేతులు ఆడతానే ఉన్నాయన్నమాట," అన్నారు. ఆ మాట అంటుంటే ఆయన మొహం తేలికపడింది. నన్ను తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. అసలు నా గురించి ఆయన ఆలోచించడం లేదు. నేను సిగ్గుతో చచ్చిపోతూ చెప్పిన ఆ ఒక్క సంగతే ఆయనకి కావాల్సి వచ్చింది.

"ఎట్టా చుట్టుకుందో చూపించండి మేడంగారూ."

తాడు విప్పి, కొస ఎడంచేత్తో పట్టుకుని, తడి కుడిచేతికి నెమ్మదిగా మూడు చుట్లు చుట్టి చూపించాను. ఆయన ఇంకోసారి చూపించమన్నారు.